ఏకాదశి నాటి బిళ్ల

తులసీబాయికి తలనొప్పి కొత్త కాదు. తొమ్మిదో ఏట మొదలైంది. ముందు కుడికంటి మూల ఏదో మెరిసినట్టయ్యేది. తర్వాత ఆ వైపు కణత లోపల ఎవరో మెల్లగా దంచుతున్నట్టు ఉండేది. వెలుతురు గిట్టదు, మనిషి పలుకు గిట్టదు, కడుపులో ఉన్నదంతా బయటికి వచ్చేదాకా ఊపిరాడదు. పుట్టింటివాళ్లు శొంఠి అరగదీసి పట్టు వేశారు. ముక్కులో ఆకుపసర్లు పిండారు. చివరికి పసుపుకొమ్ము ఎర్రగా కాల్చి కణత మీద వాత పెట్టించారు. ఇద్దరు మేనత్తలు చేతులు పట్టుకున్నారు, తండ్రి కాళ్లు పట్టుకున్నాడు. వాత మానింది గాని నొప్పి మానలేదు. ఆ తర్వాత నొప్పి వచ్చినా ఆమె ఎవరికీ చెప్పడం మానేసింది. వాత పనిచేసిందని ఇంట్లో అందరూ సంతోషించారు.

ఎమ్మిగనూరుకు కోడలుగా వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. భర్త వెంకోబారావు హైస్కూల్లో లెక్కలు చెప్పే అయ్యవారు. ఆయన తాత, తండ్రి మంత్రాలయం మఠంలో సేవ చేసినవాళ్లు. ఆ ఇంట్లో ఏకాదశి అంటే పొయ్యి వెలిగేది కాదు, బియ్యపుగాదె మూత తీసేవాళ్లు కాదు. మరునాడు తెల్లవారి పారణ చేసేదాకా అత్త మీనాక్షమ్మ మంచినీళ్లు కూడా ముట్టేది కాదు. తులసీబాయి ఆ ఇంటి పద్ధతులన్నీ చూసి నేర్చుకుంది. ఒక్కటి కూడా అడిగి నేర్చుకోలేదు. కోడలు అడిగిందంటే ఆమెకు తెలియదని అర్థం. తెలియదంటే పుట్టింటివాళ్లు నేర్పలేదని అర్థం.

ఒక్కతే కూతురు రుక్మిణి. పదకొండో ఏడు నిండిన వేసవిలో ఒక మధ్యాహ్నం ఆ పిల్ల కుడికన్ను మూసుకుని, "అమ్మా, ఈడ ఏదో మెరుస్తాంది," అంది. తులసీబాయి చేతిలో చేట అట్లాగే నిలిచిపోయింది.

ఏడాది తిరిగేసరికి ఆ నొప్పి ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. మీనాక్షమ్మ కొడుకును పిలిచి చెప్పింది.

"నందవరం మాదన్నను పిలిపిస్తా. చెయ్యి తిరిగినోడు. ఒక్క వాతతో ఎంతమందికి పోయిందో."

"తులసికి పోయింది కదా," అన్నాడు వెంకోబారావు, ఇంకేదో ఆలోచిస్తూ.

వంటింట్లో తులసీబాయి మజ్జిగ చిలుకుతూ వింటోంది. పోలేదని చెప్పడానికి అదే అదను. చిలకడం ఆపింది. మళ్లీ చిలకడం మొదలుపెట్టింది.

"కొన్నాళ్లు ఆగుదాంలేమ్మా," అన్నాడు వెంకోబారావు. "ఆదోనిలో చక్రపాణి డాక్టరని ఉన్నాడు. పిల్లల అరతలనొప్పికి మదరాసు నుంచి కొత్త బిళ్లలు వచ్చినాయంట. ఇచ్చి చూస్తున్నాడంట."

"ఎన్నాళ్లు చూస్తావు?"

"ఉగాది దాకా."

"ఆ తర్వాత నా మాట."

"నీ మాటే."

ఆయన అంత తేలిగ్గా ఒప్పుకోవడం తులసీబాయి విన్నది. ఇక ఉన్నదంతా ఆ బిళ్లలే.

డాక్టరు చక్రపాణి దవాఖానా ఆదోనిలో పత్తిమిల్లుల వెనక సందులో ఉండేది. కిటికీ ఊచలకు దూది పింజలు పట్టి, ఎప్పుడూ ముసురు పట్టినట్టు కనిపించేది. డాక్టరు లావుపాటి మనిషి, మాట వేగం. రుక్మిణి కళ్లలోకి దీపం వేసి చూశాడు, మోకాళ్ల మీద చిన్న సుత్తితో తట్టాడు. అప్పుడు వెంకోబారావు వైపు తిరిగాడు.

"ఇది పెద్దోళ్లకు పనిచేస్తాంది అయ్యవారూ. పిల్లోళ్లకు చేస్తుందా, ఎంత ఇయ్యాల, వాంతులు ఎక్కువైతాయా, అది తెలీదు. అది తెలుసుకునేకే ఇదంతా. దాచిపెట్టి లాభం లేదు, ముందే చెప్తాండాను. కొన్ని పొట్లాల్లో మందుంటుంది. కొన్నింట్లో ఉత్త సుద్ద, చక్కెర. చూసేకి అన్నీ ఒకటే మాదిరి. ఏది ఏదో నాకూ తెలీదు."

"మీకూ తెలీదా?"

"తెలిస్తే నా మొగం చూసి మీరు కనుక్కుంటారు. మదరాసులో పెద్ద డాక్టరు ఒక్కడికే తెలుసు. అన్నీ అయినాక చెప్తాడు."

వెంకోబారావుకు అది చక్కని లెక్కలా తోచింది. ఆనందంగా తల ఊపాడు. తలుపు దగ్గర కూతురి చెయ్యి పట్టుకుని నిలబడ్డ తులసీబాయికి మాత్రం లోపల ఎక్కడో గుచ్చుకుంది. తల పట్టుకుని దొర్లే పిల్లకు సుద్ద మింగించడమా? అడగాలనిపించింది. అడగలేదు.

"నొప్పి వస్తాందని తెలిసిన వెంటనే ఇయ్యాల," అన్నాడు డాక్టరు. "కడుపులో తిప్పడం మొదలైందంటే బిళ్ల నిలవదు. ఇచ్చినాక ఒకటి రెండు గంటలు చూసి, తగ్గిందా లేదా నాకు చెప్పాల. వేళ్లు చల్లబడినా, తిమ్మిరెక్కినా ఆపేసి నా దగ్గరికి రావాల."

"దేంతో చేస్తారు సార్ దీన్ని?" అన్నాడు వెంకోబారావు.

"చలిదేశాల్లో పండే ధాన్యం ఒకటుంది. దాని కంకికి నల్లతెగులు పడతాది. దాంట్లోంచి తీస్తారు."

డాక్టరు చెప్పిన అన్ని మాటల్లోనూ తులసీబాయి మనసులో దిగబడిపోయింది ఆ ఒక్క మాట, ధాన్యం.

పొట్లాలు వంటింటి గూట్లో పెట్టింది. ఎక్కువ రోజులు కాలేదు. ఏకాదశి నాటి మధ్యాహ్నం రుక్మిణి బడి నుంచి గోడ పట్టుకుంటూ వచ్చింది. ఆ పిల్ల ఎనిమిదో ఏటి నుంచే ఏకాదశి ఉపవాసం ఉండేది. ఎవరూ బలవంతం చేయలేదు. అవ్వ పక్కన కూర్చుని తానూ నీళ్లు ముట్టకుండా ఉండగలనని దానికి గర్వం.

తులసీబాయి గూటి దాకా పోయింది. పొట్లం మీద చెయ్యి వేసింది. ధాన్యం నుంచి తీసినది. ఈ రోజున గింజ తగిలిన నీళ్లు కూడా ఈ ఇంట్లో పారబోస్తారు. పిల్ల ఒక్కగానొక్క గర్వం అది. పైగా అత్తకు తెలిస్తే? భర్త బడిలో ఉన్నాడు. చెయ్యి వెనక్కి తీసుకుంది. గది చీకటి చేసి, తడిగుడ్డ నుదుట వేసి, వాంతి అయినప్పుడల్లా తల పట్టుకుని కూర్చుంది. "బిళ్ల ఇయ్యమ్మా," అని రుక్మిణి అడిగింది. "ఈ పొద్దు వద్దు. అది గింజల్లోంచి తీసింది," అని చెప్పింది. ఆ పిల్ల మళ్లీ అడగలేదు.

తెల్లవారి పారణ అయింది. అవిసాకు కూర, చారు వేసి నాలుగు ముద్దలు తినిపించి, అప్పుడు బిళ్ల మింగించింది. పొద్దెక్కేసరికి పిల్ల లేచి జడ వేసుకుంది.

"బిళ్ల ఇచ్చినావా?" అన్నాడు వెంకోబారావు సాయంత్రం.

"ఇచ్చినా."

"తగ్గిందా?"

"తగ్గింది."

రెండూ నిజాలే. ఆయన ఆదోని పోయినప్పుడు ఆ రెండు నిజాలూ డాక్టరుకు చెప్పి వచ్చాడు. తర్వాత వచ్చిన నొప్పులూ అట్లాగే గడిచాయి. ఎందుకంటే రుక్మిణికి నొప్పి వచ్చిందంటే చాలామటుకు అది ఏకాదశి రోజే. ఆ సంగతి ఆ ఇంట్లో ఇంకెవరూ గమనించలేదు. తులసీబాయి గమనించింది. గమనించి, ఆ ఆలోచన మీద మూత పెట్టింది.

మాఘం వెళ్లాక డాక్టరు పిల్లను తీసుకురమ్మన్నాడు. తులసీబాయి కూడా వెళ్లింది. దవాఖానా అరుగు మీద ఎమ్మిగనూరు నేతపేటకు చెందిన అంజినమ్మ కొడుకుతో కూర్చుని ఉంది. వాడికీ ఇదే నొప్పి, ఇవే పొట్లాలు.

"యేం బాయమ్మా, మీ పాపకు సుద్ద పడిందా, మందు పడిందా?" అని నవ్వింది అంజినమ్మ. "మావానికి ఒగో పొట్లమైతే ఇట్ల మింగి అట్ల లేసి గోలీలాడబోతాడు. ఇంగొగ పొట్లమైతే మన్నే. ఆ పొద్దు డాకటేరును తిట్టుకుంటా కూకుంటా. అదే ఆయప్పతో సెప్తే, తిట్టు తల్లీ తిట్టు, అదే నాకు కావాల అంటాడు."

"ఎప్పుడిస్తావు అంజినమ్మా?" అంది తులసీబాయి మెల్లగా.

"ఎప్పుడేంది? తల పట్టుకున్న సణమే. కూసున్నోడిని కూసున్నట్టే నోట్లో యేస్తా."

లోపల డాక్టరు వెంకోబారావుతో మాట్లాడుతున్నాడు. "మీ పాప సంగతే నాకు అంతు చిక్కదు అయ్యవారూ. ప్రతి పొట్లమూ పనిచేసిందంటారు. మందుండేదీ లేందీ రెండూ ఒకే మాదిరి ఎట్ల చేస్తాయి?"

వెంకోబారావు ఇంటికి వచ్చి తల్లికి ఆ మాట చెప్పాడు. జవాబు ఆమె దగ్గర ఉంది.

"ఎట్లనా? అంతా సుద్దే గనక. నొప్పి దానంతటది వచ్చె, దానంతటది పాయె. చాలు నీ ఆదోని. ఉగాది కాగానే రమ్మని మాదన్నకు చెప్పి పంపినా."

ఆ రోజంతా తులసీబాయి పని చేస్తూనే ఉంది గాని ఏ పని చేసిందో ఆమెకే తెలియదు. బిళ్లలు ఓడిపోలేదు. వాటిని తానే ఓడించింది. ఆ మాట అంటే భర్త ముందు, అత్త ముందు, ఊరుగాని ఊరి డాక్టరు ముందు అబద్ధాలకోరు అవుతుంది. అనకపోతే పిల్ల చేతులు పట్టుకునేవాళ్లలో తానూ ఒకతె అవుతుంది. గూట్లో ఇంకొక్క పొట్లం మిగిలింది.

ఉగాదికి ముందు వచ్చే ఏకాదశి నాడు రుక్మిణి మధ్యాహ్నం కాకముందే ఇంటికి వచ్చింది. కుడికన్ను సగం మూతపడి ఉంది. తులసీబాయి ఈసారి ఆలోచించలేదు. పొట్లం విప్పింది, చెంబుతో నీళ్లు తెచ్చింది.

"మింగు."

"ఈ పొద్దు ఏకాదశి."

"తెలుసు. మింగు, రుక్మిణీ."

"గింజల్లోంచి తీసిందని నువ్వే చెప్పినావు కదమ్మా. నేను మింగను."

"నేను చెప్తాండా కదా. దోషమైతే అది నాకు."

రుక్మిణి పెదవులు బిగించింది. నీళ్లచెంబును మోచేత్తో తోసింది.

"మింగకపోతే వాత పెడతారే, తెలుసా?"

"పెట్టనీ. నువ్వు పెట్టించుకోలేదా?"

తులసీబాయి బిళ్ల పట్టుకున్న చెయ్యి దించలేక, చాచలేక అట్లాగే కూర్చుంది. ఎంత బతిమాలినా పిల్ల గోడ వైపు తిరిగి పడుకుందే గాని నోరు తెరవలేదు. ఆ వాదులాట విని మీనాక్షమ్మ జపమాలతోనే గుమ్మంలోకి వచ్చింది.

"ఏం గింజలు? ఎవరు దేన్ని మింగేది?"

చెప్పక తప్పలేదు. డాక్టరన్న మాట, గూటి దాకా పోయి వెనక్కి వచ్చిన చెయ్యి, పారణ తర్వాత ఇచ్చిన బిళ్లలు, అంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ నేల మీది గచ్చునే చూస్తోంది. మీనాక్షమ్మ వేళ్లలో పూసలు ఆగిపోయాయి.

"అన్నీ మరునాడు పొద్దున్నే ఇస్తివా?"

తులసీబాయి తల ఊపింది.

"మందుకు ఏకాదశి ఏందే? మా మామ మఠంలో సేవ చేసే మనిషి. ఆయాసం వస్తే ఏకాదశి నాడూ కషాయం తాగేటోడు. నేను పెరట్లో కుంపటి మీద కాచి ఇస్తాంటి. పిల్ల పక్కన కొట్టుకుంటా ఉంటే నేను ఈడ జపం చేసుకుంటా కూర్చుంటి, నువ్వు మందు గూట్లో పెట్టుకుని కూర్చుంటివి. నేను వద్దంటినా? నన్ను అడిగితివా?"

"అడగలేదు."

"ఎందుకు అడగలేదు?"

తులసీబాయి ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి అడగకుండా ఉండటమే తన మంచితనమనుకుంది.

మీనాక్షమ్మ జపమాల మెడలో వేసుకుని మనవరాలి పక్కన కూలబడింది. "లేమ్మా. అవ్వ చెప్తాంది. మందుకు దోషం లేదు. నోరు తెరువు." రుక్మిణి అవ్వ మొహం వైపు చూసి నోరు తెరిచింది. బిళ్ల లోపలికి పోయింది. కాని అప్పటికే ఆలస్యమైపోయింది. ఆ పిల్ల పెదవులు తెల్లబడి ఉన్నాయి. కాసేపటికే వంగి అంతా కక్కేసింది. సగం కరిగిన బిళ్ల ఇత్తడి తట్టలో తేలింది. అది మందో సుద్దో ఎవరికీ తెలియదు.

"ఇంకొకటి లేదా?" అంది మీనాక్షమ్మ, పిల్ల నుదురు పట్టుకుని.

"లేదు."

ద్వాదశి నాడు వెంకోబారావుకు సంగతి తెలిసింది. ఆయన ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు మాట్లాడాడు. "ఆ డాక్టరు ముందు నా మాటేమైతాది? ఇన్ని దినాలు అయ్యవారు చెప్పినాడని నమ్మి రాసుకునె."

"నేను చెప్తా," అంది తులసీబాయి.

"నువ్వా?"

ఇద్దరూ బస్సెక్కి ఆదోని పోయారు. డాక్టరు ముందు ఆమె నిలబడే చెప్పింది. కొంగు కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, మధ్యలో రెండుసార్లు ఆగిపోయి చెప్పింది. డాక్టరు తాను రాసుకున్న కాగితాలు ముందుకు లాక్కున్నాడు.

"అయితే మీ పాప లెక్కలన్నీ తీసెయ్యాల," అన్నాడు. "ఒక్కటీ పనికి రాదు."

"ఇంకొక్క పొట్లం ఇస్తే, ఈసారి సరిగ్గా..."

"లేవమ్మా. నావి అయిపోయినాయి. మిగతావన్నీ మదరాసుకు పంపేసినా. పిల్లోళ్లకూ పనికొస్తాదని తేలితే అప్పుడు బజారుకు వస్తాది. ఏడాదో, రెండేండ్లో." ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. కోపం ఉంది గాని మొహంలో కోపం కన్నా అలసట ఎక్కువగా కనిపించింది. "ఒకటి చెప్పండి. నొప్పి ఆ రోజే వస్తాదా ఎప్పుడూ?"

"చాలాసార్లు."

"అది మీకు తెలుసునా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"నాకు తొమ్మిదేండ్లప్పట్నుంచి. మా పుట్టింట్లోనూ ఉపాసం ఉంటాంటి."

వెంకోబారావు తలెత్తి భార్య వైపు చూశాడు. పెళ్లయిన నాటి నుంచి ఆమెను చూస్తూనే ఉన్నాడు. ఆ చూపు అప్పటివరకు చూసినదానిలా లేదు.

"ఇప్పటికీ వస్తాదా నీకు?" అన్నాడు.

ఆమె మళ్లీ కొంగు కొస వేలికి చుట్టుకుంది. డాక్టరు కల్పించుకున్నాడు. "పిల్లకు ఆ పొద్దు అన్నం పెట్టండి. పాలూ పండూ అని సరిపెట్టొద్దు. రోజూ తినేది, రోజూ తినే వేళకు."

"తింటే రాదా?"

"రాదని నేను రాసిచ్చేకి లేదు. కాని ముందు అది చేసి చూడాల."

ఇంటికి వచ్చి అత్తతో ఆ మాట చెప్పడం డాక్టరుతో చెప్పినదానికన్నా కష్టమైంది. మీనాక్షమ్మ తిరగలి దగ్గర కూర్చుని వింది.

"మందుకు దోషం లేదంటి. అన్నానికి లేదంటినా?"

"లేదత్తా."

"నా కాపురంలో ఆ పొద్దు ఈ ఇంట్లో పొయ్యి రాజలేదు."

"తెలుసత్తా. పెరట్లో కుంపటి పెట్టుకుంటా."

"అన్నీ ముందే అనుకొనొచ్చినావు," అంది మీనాక్షమ్మ. తిరగలి పిడి పట్టుకుంది గాని తిప్పలేదు. "నువ్వు ఇన్నేండ్లూ నొప్పితోనే ఉపాసం ఉంటివా?" అంది.

"ఉంటి."

"నోరు లేదా నీకు?"

మీనాక్షమ్మ ఒక్కసారి తిరగలి తిప్పి ఆపింది.

"ఈ ఒక్క ఏకాదశి. మాదన్నను ఆగమని చెప్పి పంపుతా. తిన్నాక కూడా నొప్పి వచ్చిందంటే వాడు వస్తాడు. అప్పుడు నువ్వు అడ్డం రాకూడదు."

తులసీబాయి "రాను," అంది.

ఉగాది వచ్చింది, పోయింది. ఏకాదశి వచ్చింది. వెంకోబారావు చూడటం ఇష్టం లేక కాబోలు, తెల్లవారుతూనే బడికి వెళ్లిపోయాడు. పెరట్లో కుంపటి మీద గుప్పెడు బియ్యం ఉడికాయి. ఆ వాసన ఆ రోజున ఆ ఇంటికి ఎంత కొత్తదంటే, తులసీబాయి రెండుసార్లు వీధి వైపు తొంగి చూసింది. మజ్జిగ కలిపి, ఉప్పు వేసి, పళ్లెం తెచ్చి కూతురి ముందు పెట్టింది.

రుక్మిణి పళ్లెం వైపు చూడలేదు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి గాని ఏడుపు శబ్దం లేదు.

"నా ఒక్కదానికేనా?"

"తినమ్మా. బడికి పొద్దైతాంది."

"అవ్వ తినదు. నువ్వు తినవు. నాయిన తినడు. నేనొక్కదాన్నే పాపం చేసినదాని మాదిరి ఈడ కూర్చోవాలనా?"

తులసీబాయి బుజ్జగించింది. బెదిరించింది. మాదన్న పేరు ఎత్తబోయి మానుకుంది. పిల్ల చేతులు రెండూ ఒళ్లో దాచుకుంది. పొద్దు పైకి పోతోంది. తినే వేళ దాటిందంటే ఈ అన్నం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ఆమె పిల్లకు ఎదురుగా బాసిపట్టు వేసుకుని కూర్చుంది. పళ్లెంలో చెయ్యి పెట్టింది. ఒక ముద్ద తీసి తన నోట్లో పెట్టుకుంది. ఊహ తెలిసిన తర్వాత ఏకాదశి నాడు ఆమె నోట్లో అన్నం పడటం అదే. అది గొంతు దిగలేదు. నమిలి నమిలి, కళ్లు మూసుకుని మింగింది. రెండో ముద్ద తీసుకుంది. అది కొంచెం తేలిగ్గా దిగింది.

రుక్మిణి ఏడుపు ఆపి తల్లి నోటి వైపే చూస్తోంది. తర్వాత పెరట్లో తులసికోట దగ్గర కూర్చున్న అవ్వ వైపు చూసింది. మీనాక్షమ్మ వీపు ఇటు పెట్టి గోడకేసి పూసలు తిప్పుతోంది. తిరిగి చూడలేదు. లేచిపోనూ లేదు.

మూడో ముద్ద తులసీబాయి కూతురి నోటి దగ్గర పెట్టింది. రుక్మిణి నోరు తెరిచింది. అట్లా ఒకటి తనకు, ఒకటి పిల్లకు, పళ్లెం ఖాళీ అయింది. పిల్ల లేచి చెయ్యి కడుక్కుంది. కొంగుతో మూతి తుడిపించుకుంది. సంచీ తగిలించుకుని ఎవరితోనూ మాట్లాడకుండా బడికి వెళ్లిపోయింది.

తులసీబాయి పళ్లెం బూడిదతో తోముతూ కూర్చుంది. కొంతసేపటికి గోడవైపు నుంచే మీనాక్షమ్మ గొంతు వినిపించింది.

"ఎట్లుంది పిల్లకు?"

"ఇంకా తెలీదత్తా. మధ్యాహ్నం కానీ."

"నీకు?"

తులసీబాయి తోమడం ఆపింది. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఆమెను ఇంతవరకూ అడగలేదు. కుడికంటి మూల ఏదైనా మెరుస్తోందేమోనని కాసేపు చూసుకుంది.

"నాకూ తెలీదు," అంది. "చూడాల."